పక్క సీటు బ్రేకు

నెత్తిన పసుపు బోర్డు పెట్టుకున్న ఆ కారును చూడగానే వెనక వచ్చే బండ్లు కాస్త దూరం జరుగుతాయి. నేర్చుకునేవాళ్ళంటే జాలో, భయమో. ఆ ఉదయం స్టీరింగ్ దగ్గర ఒక నర్సు కూర్చుంది. పక్క సీటులో డ్రైవింగ్ మాస్టారు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే బండి ఆపడానికి అది. పిల్లి కనబడినా, కాగితం ఎగిరినా దాన్ని తొక్కేస్తాడని అందరూ ఆయనను బ్రేకు మాస్టారు అంటారు.

"పెద్ద రోడ్డు ఎక్కుతున్నామమ్మా. పోయే బండ్ల వేగం చూసుకుని వాటితో కలిసిపో. నీ కోసం రోడ్డు ఆగదు."

"ఆగితే ఎంత బాగుండు మాస్టారూ. మా ఆస్పత్రిలో నేను చెయ్యెత్తితే పెద్ద డాక్టరే ఆగుతాడు."

మాస్టారు నవ్వలేదు. ఆయన చూపు ఒకసారి రోడ్డు మీద ఉంటే రెండుసార్లు ఒళ్ళో ఫోను మీద ఉంది.

ఆ ఫోనులో ఏముందో చెప్పాలి. పెద్ద కంపెనీల షేర్ల ధరలన్నీ కలిపి ఒక్క అంకెగా చూపేదే సూచీ. అది పెరుగుతుందనో తగ్గుతుందనో నమ్మి ముందుగా కుదుర్చుకునే ఒప్పందం ఇండెక్స్ ఫ్యూచర్స్. మొత్తం విలువ చేతిలో ఉండనక్కర్లేదు. మార్జిన్ అని కొంత సొమ్ము కడితే చాలు. అందుకే వస్తే పెద్ద లాభం, పోతే పెద్ద నష్టం. ఇంటికి ఒక ఫ్యాను కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగే మనం ఇలాంటి ఒప్పందాలను ఫోను మీద ఒక్క వేలితో ఎందుకు ఒప్పేసుకుంటున్నాం?

కొన్నాళ్ళ క్రితం మాస్టారు మొదటిసారి ఇందులో దిగినప్పుడు సూచీ బాగా పెరిగి ఉంది. ఇక పడుతుందని ముందే అమ్మాడు. ఈ ఒప్పందాల్లో చేతిలో లేనిదాన్ని ముందు అమ్మి తర్వాత కొనవచ్చు. నిజంగానే పడింది. తక్కువలో తిరిగి కొని లాభంతో బయటపడ్డాడు. పెట్రోలు బంకులో, గాలి కొట్టేచోట, కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ గెలుపే ఆయన కొంప ముంచింది. తర్వాత సూచీ పెరుగుతూనే ఉంది, ఆయన అమ్ముతూనే ఉన్నాడు. ఈ పద్ధతిని రివర్సల్ అంటారు, అంటే మలుపును ముందే పట్టుకోవాలని చూడడం. సూచీ ఎటు పోతే అటే పోయేవాళ్ళది ట్రెండ్ పద్ధతి. వాళ్ళను గొర్రెల మంద అని వెక్కిరించేవాడు మాస్టారు.

పెట్టిన సొమ్ము ఆయన ఒక్కడిది కాదు. డ్రైవింగ్ స్కూలు గదిలో ఫీజులు తీసుకుంటూనే ఆయన భార్య బండి నేర్పే పరీక్ష పాసయింది. ఆడవాళ్ళకు తానే నేర్పాలని, అందుకు రెండో కారు కొనాలని ఆమె పట్టుదల. దానికోసం ఇద్దరూ కూడబెట్టిందే ఇప్పుడు మార్జిన్‌గా మారింది. ఆమెకు తెలియదు.

ఆ ఉదయం కూడా ఆయన అమ్మి ఉన్నాడు. ఇంత నష్టం దాటితే దానంతటదే లెక్క మూసుకునేలా స్టాప్‌లాస్ పెట్టుకున్నాడు. సూచీ పెరుగుతూ ఆ హద్దు దగ్గరికి వచ్చింది. కాసేపు ఓపిక పడితే దిగుతుంది కదా అని ముందుకు వంగి స్టాప్‌లాస్ తీసేశాడు. వంగినప్పుడు బ్రేకు మీది కాలు వెనక్కి జరిగింది.

అప్పుడే నర్సు మలుపు తిప్పింది. కారు ఎదురు వరసలోకి పోయింది. ఎదురుగా పాల వ్యాను.

పక్క సీటు బ్రేకు పడలేదు. నర్సే రెండు కాళ్ళూ కలిపి తొక్కేసింది. ఇంజను ఆగిపోయింది. వ్యాను జానెడు దూరంలో నిలిచింది.

వ్యాను డ్రైవరు తల బయటపెట్టి బోర్డును, మాస్టారిని మార్చి మార్చి చూశాడు. "ఏం బ్రేకు మాస్టారూ, ఎదురెళ్ళడం కూడా నేర్పుతున్నారా? దానికి ఫీజు వేరేనా?"

కారును పక్కకు తీశారు. నర్సు స్టీరింగ్ వదిలి మాస్టారి వైపు తిరిగింది.

"తిప్పడం నా తప్పే మాస్టారూ. కానీ మీ కాలు బ్రేకు మీద ఉంటుందన్న ధైర్యంతోనే నేను స్టీరింగ్ పట్టుకున్నాను. ఇవాళ లేదు కదా?"

"లేదమ్మా. తప్పు నీది కాదు, నాదే."

ఫోను చూశాడు. సూచీ ఇంకా పెరిగింది. కాస్త దిగాక మూసేద్దామని మనసు మళ్ళీ పాత పాటే ఎత్తుకుంది. ఆయన దాన్ని సాగనివ్వలేదు. అక్కడే, ఆ నష్టంతోనే లెక్క మూసేశాడు.

స్కూలు గదికి వచ్చి భార్యకు ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఎంత పోయింది?"

"కారు సొమ్ములో సగానికి పైనే."

ఆమె చేతిలోని తాళాలు మేకుకు తగిలించింది.

"కూర్చోండి. అలా గుమ్మంలో నిలబడితే పారిపోయేవాళ్ళలా ఉన్నారు."

"రెండు తిట్టు."

"తిడితే మీ గుండె తేలికవుతుంది. నాకేమొస్తుంది? మొదటి రోజు వచ్చినవాళ్ళకు ఏం చెబుతారు మీరు?"

"రోడ్డు ఎటు పోతోందో చూసి దాంతో పొమ్మంటాను. అనుమానం వస్తే ఆపమంటాను."

"మరి మీరేం చేశారు?"

"ఎదురెళ్ళాను. పైగా బ్రేకు పీకేశాను. అందరూ పెరుగుతుందంటుంటే నేనొక్కడినే పడుతుందని చెప్పి నెగ్గాలని. అదో గొప్ప."

"ఆ గొప్ప నా కారంత ఖరీదైంది." మళ్ళీ ఆమే అడిగింది. "అయితే పెరుగుతున్నప్పుడు కొంటే డబ్బులొచ్చేస్తాయా?"

"అలా అనలేం. కొన్న మర్నాడే తిరగబడొచ్చు. చిన్న దెబ్బలు చాలానే తగులుతాయి. వాటిని చిన్నగా ఉన్నప్పుడే ఒప్పుకుని బయటికి రావాలి. మలుపులో దిగి నిలదొక్కుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తిరగడం మొదలయ్యిందని చూశాకే దిగుతారు, అప్పుడూ బ్రేకు వదలరు. నాకా అనుభవం లేదు."

"సరే. మిగిలిన సొమ్ము రేపే నా పేరున వెయ్యండి. నేర్చుకోవాలనుంటే కొన్నట్టూ అమ్మినట్టూ కాగితం మీద రాసి నేర్చుకోండి. పైసా పెట్టకూడదు. రెండో కారు ఆలస్యమవుతుంది, కానీ కొని తీరతాం. మధ్యాహ్నాలు పాత కారు ఖాళీయేగా, రేపటినుంచి నేను నేర్పుతాను. మీరు ఈ కుర్చీలో కూర్చుని ఫీజులు తీసుకోండి. మార్కెట్ ఉన్నంతసేపూ ఫోను సొరుగులో."

"తాళం?"

"నా కొంగున."

ఆ సాయంత్రం దేవుడి ముందు నిలబడినప్పుడు మాస్టారికి ఇన్నాళ్ళూ తాను ఏం కోరుకున్నాడో గుర్తొచ్చింది. సూచీ పడాలని. ఇందరి సొమ్ము తరిగితే తన మాట నెగ్గుతుందని. అలాంటి కోరికను ప్రార్థన అనవచ్చా? ఆ రోజు ఆయన ఏమీ అడగలేదు. చేతులు జోడించి ఊరుకున్నాడు.

మర్నాటినుంచి మాస్టారి భార్య పక్క సీటులో కూర్చుంది, అందరికీ మాస్టరమ్మ అయింది. మొదట వచ్చింది నర్సే. మాస్టరమ్మ కాలు బ్రేకు మీద ఉందో లేదో వంగి చూసుకుని మరీ కారు ఎక్కింది. ఎండలో ఆ పాత కారు అదే మలుపు దగ్గర మళ్ళీ మళ్ళీ తిరిగింది. నర్సు సరైన వరసలోకి తిప్పేదాకా మాస్టరమ్మ వదల్లేదు.

కొత్త జట్టుకు పాఠం చెప్పడం మాత్రం మాస్టారి పనే. ఆ రోజు వచ్చిన బ్యాంకు గుమాస్తా ఆయన పాత గెలుపు గురించి పెట్రోలు బంకులో విన్నవాడు.

"మాస్టారూ, సూచీ ఇంకా పెరుగుతోంది. ఇప్పుడు అమ్మేస్తే మంచి లాభమేనా?"

గదిలో అందరూ చెవులు రిక్కించారు. మాస్టారు సిగ్గుపడకుండా తన కథంతా చెప్పాడు, పాల వ్యానుతో సహా. చివర ఇలా అన్నాడు.

"ఎప్పుడు పడుతుందో నాకు తెలియదు బాబూ. తెలుసనుకున్నాను, అందుకే మునిగాను. బండైనా బజారైనా కొత్తవాళ్ళు పోయే వరసతోనే పోవాలి, నిదానంగా పోవాలి, తప్పు తెలియగానే ఆగాలి. లోకానికి ఎదురెళ్ళి నెగ్గాలన్న పంతం ఎవరికైనా ఉండొచ్చు, కానీ ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా, ఇంటి సొమ్ము పెట్టి, బ్రేకు మీద కాలు తీసి ఆ పంతం తీర్చుకునే హక్కు ఎవరికీ లేదు."