వీలైనచోట వెనక్కి మళ్ళండి

"ఉత్తరానికి పోవాల్సినవాళ్ళం దక్షిణానికి పోవడమేంటి అత్తయ్యా?"

"బుధవారం ఉత్తరం వారశూలమ్మా, అటు బయల్దేరకూడదు. నీ మంచికేగా చెబుతుంటా!"

అరగంటగా ఇదే వాదన. కారు ఇంకా గేటు దాటలేదు.

నేను ఒక దారి చూపే యంత్రాన్ని. కారులో ముందు అద్దం దగ్గర, బొటనవేలంత వినాయకుడి పక్కన ఉంటాను. ఏ దేశంలో పుట్టానో వీపు మీద రాసి ఉండేది, అక్షరాలు అరిగిపోయాయి. నా మొదటి యజమాని మందుల కంపెనీ ప్రతినిధి. ఎటు తిరగమంటే అటు తిరిగేవాడు. అతను కారుతో పాటు నన్నూ తెనాలి పురుషోత్తంగారికి అమ్మేశాక నాకు కష్టాలు మొదలయ్యాయి. ఆయన టీకొట్టు దగ్గర ఆపి ముగ్గురిని అడుగుతారు. మూడు దారులూ విని నాలుగో దారిలో వెళతారు. అప్పుడు నేను "రీకాలిక్యులేటింగ్" అంటాను. తప్పిపోయిన చోటునుంచి కొత్త దారి లెక్కగడుతున్నానని దానర్థం. ఆయనకది తిట్టులా వినిపిస్తుంది.

ఆకాశంలో కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది. ఈ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పలేదు.

ఆ రోజు ఆయన భార్య సువర్చల ఇబ్రహీంపట్నంలో బ్యాంకు మేనేజరుగా చేరాలి. పన్నెండు లోపు సంతకం చేయకపోతే ఆ కుర్చీ వరసలో తర్వాతివారిది. కోడలు కుర్చీలో కూర్చోవడం కళ్ళారా చూడాలని అత్తగారు చిట్టెమ్మ కూడా కారెక్కారు. చివరికి రాజీ కుదిరింది. దక్షిణాన నాలుగు కిలోమీటర్ల దూరంలో చిట్టెమ్మగారి చెల్లెలు సీతాయమ్మ ఇల్లుంది. ముందు అక్కడికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, అప్పుడు ఉత్తరానికి తిరగాలి. కాలేజీకి వెళుతూ కూతురు హరిణి ఆ ఇంటిని నాలో 'వే పాయింట్'గా పెట్టింది. అంటే, గమ్యానికి ముందు తప్పక తాకవలసిన మజిలీ.

రెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో ఆవూ దూడా ఎదురొచ్చాయి.

"శకునం అదిరింది! ఇక తిప్పరా పురుషూ!" అన్నారు చిట్టెమ్మ.

కారు తిరిగింది. మజిలీ మాత్రం నాలో అలాగే ఉంది. "వీలైనచోట వెనక్కి మళ్ళండి" అన్నాను. దుగ్గిరాల వరకూ అంటూనే ఉన్నాను.

"దాని మాట పట్టించుకోకండి. మనం సరైన దారిలోనే ఉన్నాం. ఆ మజిలీ తీసేస్తే సరి" అంది సువర్చల.

"చెయ్యి తియ్! పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా దాని మాట వినమని నా ప్రాణం తీశావు. తీరా వింటుంటే వద్దంటావా?" అన్నారు పురుషోత్తంగారు. జీవితంలో మొదటిసారి నా మాట విని కారు వెనక్కి తిప్పారు.

నాకు సిగ్గేసింది. కానీ మజిలీని నా అంతట నేను చెరుపుకోలేను.

"మీ మజిలీకి చేరుకున్నారు" అనేసరికి సీతాయమ్మ గుమ్మంలో ఉంది.

"అయ్యో, ఫోనన్నా చెయ్యకుండా! ఉండండి, కాఫీ పెడతా!"

నా తెర మీద 'ఈటీఏ', అంటే గమ్యం చేరే సమయం, పదకొండు నలభై ఐదు చూపిస్తోంది. పిన్నికి సర్దిచెప్పడానికి పురుషోత్తంగారు దిగారు. తిరిగొచ్చేసరికి స్టీరింగు ముందు సువర్చల ఉంది. ఆరేళ్ళ కిందటి లైసెన్సు ఇన్నాళ్ళూ ఆమె పర్సులో పిల్లల పాత ఫొటోల మధ్య పడుంది. బండి ఇమ్మన్నప్పుడల్లా 'ట్రాఫిక్ ఎక్కువగా ఉంది' అనేవారాయన.

"ఇటువైపు ఎక్కండి" అంది పక్క సీటు చూపిస్తూ.

మజిలీ చెరిపేసింది. నేను కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకి తిప్పింది. దారి పొడుగునా పురుషోత్తంగారు లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. నేను ఒక్కసారి కూడా రీకాలిక్యులేటింగ్ అనలేదు. పన్నెండుకు ఆరు నిమిషాల ముందు ఆమె సంతకం చేసింది.

సాయంత్రం నన్ను ఊడదీసి ఇంట్లోకి తెచ్చి, భోజనాల బల్ల మీద పచ్చడి జాడీ పక్కన పెట్టింది. అందరికీ పెరుగు వడ్డించాక, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపటినుంచి బ్యాంకుకి కారు నేనే నడుపుకుంటూ వెళతాను."

పురుషోత్తంగారు సాయం కోసం తల్లి వైపు చూశారు. చిట్టెమ్మగారు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టారు.

"రేపు గురువారం. ఉత్తరానికి అడ్డేం లేదు" అన్నారు.