పిండి అంటని పట్టీ

నా కుడి మణికట్టులో ఒక తలుపు ఉంది. ఈ ఉదయం నుంచి అది కిర్రుమంటోంది.

బొటనవేలి మొదట్లో, ఎముక కాస్త ఎత్తుగా ఉండేచోట ఉంది. వేలు కదిలిస్తే తెరుచుకుంటుంది. నొప్పి బయటికి వచ్చి, మోచేతి దాకా నడిచి, మళ్ళీ లోపలికి పోతుంది.

మాది పూతరేకుల పని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క విసురున పరుస్తాను. రేకు లేస్తుంది. ప్రతి విసురుకూ మణికట్టు అదే వైపు వంగుతుంది.

“వేడి చేసుంటదక్కా. మజ్జిగ తాగు,” అంటుంది తోటికోడలు భూలక్ష్మి.

తాగుతాను. నూనె రాయించి వేలు లాగిస్తాను కూడా. తలుపు ఇంకా వాస్తుంది.

రావులపాలెంలో డాక్టరమ్మ నా చేయి బల్ల మీద పెడుతుంది. “బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించండి. ఇప్పుడు చిటికెనవేలి వైపు వంచండి.”

వంచుతాను. తలుపు దభాలున కొట్టుకుంటుంది. నా కళ్ళు నీళ్ళతో నిండుతాయి. డాక్టరమ్మ చెప్పులు విడిచి, తల వంచుకుని ఆ తలుపులోంచి లోపలికి వెళ్తుంది. కాసేపటికి మోచేతిలోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది.

“బొటనవేలిని లాగే స్నాయువులు రెండూ ఒకే ఇరుకు గొట్టంలోంచి పోతున్నాయి. రాపిడికి గొట్టం వాచింది. మీరు పిసికించి ఇంకా వాచేలా చేశారు.”

“మజ్జిగ కూడా తాగానండి.”

“మంచిదే. అది ఇక్కడి దాకా రాలేదు.”

బయటికి వచ్చి, వేలు కదలకుండా పట్టే తెల్లటి పట్టీ కడుతుంది. “ఆ విసురు ఆపండి. ఐసు పెట్టండి. పనిలో కూడా పట్టీ తియ్యొద్దు. తగ్గకపోతే ఇంజెక్షన్ చేద్దాం. ఆలస్యం చేశారంటే, వేలు తన పనులు ఒక్కొక్కటే ఇచ్చేస్తుంది.”

“ఎవరికండీ?”

“దాన్ని దేనికి వాడుతున్నారో దానికే.”

ఇంట్లో పెళ్ళివారు చెప్పిన రేకుల పని ఉంది. పట్టీ మల్లెపువ్వులా ఉంది. పిండి అంటుతుందని కుండ ముందు కూర్చునేటప్పుడు తీసి గూట్లో పెడతాను. పడుకునేటప్పుడు మాత్రం శ్రద్ధగా కట్టుకుంటాను.

భూలక్ష్మి ఒక రేకు వెలుగులో పెట్టి చూస్తుంది. “ఇందులో నీ జడ కనపడతందేటక్కా?”

నిజమే. నా వేలు జడ అల్లుతోంది. భూలక్ష్మి దాని మీద నెయ్యి రాసి, పంచదార చల్లి మడిచేస్తుంది. ఆ తర్వాత నాకు జడ వేసుకోవడం రాదు.

ఇంకో రేకులో తాళం తిప్పడం పోతుంది. ఇంకోదాంట్లో బట్టలు పిండడం. రేకులు మాత్రం ఎన్నడూ లేనంత పల్చగా వస్తున్నాయి. అందరూ మెచ్చుకుంటున్నారు. నాకూ గర్వంగానే ఉంది.

వేలికి ఒక్క పనే మిగిలింది. అత్త నోట్లోకి అన్నం ముద్ద తొయ్యడం.

రేకులు తియ్యడం నాకు నేర్పింది అత్తే. ఆవిడ కుడి బొటనవేలు పనికి రాకుండా పోతే ఎడమ చేత్తో తీసింది. అదీ పోయింది. ఇప్పుడు నా చేతి ముద్ద తప్ప తినదు.

“ఇక చాల్లే అమ్మాయ్, లెగు,” అంటుంది అత్త.

“ఇదొక్కటే అత్తా. పిండి మిగిలిపోద్ది.”

“నేనూ అలాగే అన్నానే.”

విసురుతాను. నా జన్మలో అంత మంచి రేకు తియ్యలేదు. అందులో అత్త తెరిచిన నోరు స్పష్టంగా కనిపిస్తోంది. వద్దనబోతాను. భూలక్ష్మి అప్పటికే మడిచి డబ్బాలో పెట్టేసింది. డబ్బాలు ఆటో ఎక్కుతాయి.

చేతులు కడుక్కుని పట్టీ కట్టుకుంటాను. దాని మీద ఒక్క మరక కూడా లేదు.

అత్త ఎదురుగా కూర్చుని నోరు తెరుస్తుంది. కంచంలో వేడన్నం. వేలు కదలదు. ఆకలికి నేనూ నోరు తెరుస్తాను.

మణికట్టులో తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. లోపల కుండ ముందు పడుచుపిల్లగా అత్త కూర్చుని ఉంది. తల ఎత్తదు. విసురుతూనే ఉంది. రేకులు ఒక్కొక్కటే బయటికి తేలి వచ్చి మా కంచం మీద వాలుతున్నాయి. ఒకదాని మీద ఒకటి, దూలం దాకా.

అన్నిటి కిందా అన్నం మెతుకు మెతుకూ కనిపిస్తూనే ఉంది.