పంతొమ్మిదో నంబరు రాలేదు

మా అమ్మాయికి పిచ్చుక అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. మాటలు సరిగ్గా రాని వయసు నుంచే ఒకటే గోల. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పక్కవాటాలో మొగుడూ పెళ్ళాం ఏమని తిట్టుకున్నారో, ఎవరు ముందు ఏడ్చారో నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పూసగుచ్చినట్టు చెప్పేది. అలాంటి పిల్ల, ఇప్పుడు తింటావా అని అడిగితే తల ఊపుతుంది. ఆ ఊపడం అవునో కాదో కూడా నేనే తేల్చుకోవాలి.

లోకమంతా జబ్బు వచ్చి బళ్ళు మూసేసేనాటికి అది ఏడో తరగతి. మళ్ళీ తెరిచేనాటికి తొమ్మిది. మధ్యలో పాఠాలన్నీ ఫోనులోనే అన్నారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది మా ఆయనది. ముందుగదిలో సైకిలు రిపేరు షాపు ఆయనది. భిన్నాలు చెబుతుండగా ఎవరిదో గొలుసు తెగిపోయిందని ఫోను వచ్చేది, పాఠం ఆగిపోయేది. గొలుసు అతుక్కునేది గానీ పాఠం అతుక్కునేది కాదు.

నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఆ రోజుల్లో ఏ దుప్పట్లు ఉతికామో, వాటి మీద పడుకున్నవాళ్ళలో ఎంతమంది ఇంటికి వెళ్ళారో ఆలోచించడం మానేశాం. ఇంటికొస్తే వెనక వాకిట్లోనే స్నానం, వెనక గదిలోనే పడక. పిచ్చుక కిటికీ అవతల నిలబడి నావంక చూసేది. దగ్గరికి రావద్దు, ముట్టుకోవద్దు, మాట్లాడకు, నోటికి గుడ్డ కట్టుకో. ఇవే నేను దానికి చెప్పిన కబుర్లు. చెప్పినట్టే విన్నది పిల్ల. మరీ ఇంత బాగా వింటుందని నేననుకోలేదు.

బడి తెరిచిన రోజు కొత్త యూనిఫాం వేసుకుని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. కడుపునొప్పి అంది. మర్నాడూ కడుపునొప్పే. పొద్దున్న మొదలై, బడిలో మొదటి గంట కొట్టాక మెల్లగా తగ్గేది. డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నాడు. కడుపులో లేదని నాకూ తెలుసు.

ఎదురింటి పిన్నిగారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అడక్కుండానే సలహా ఇచ్చింది.

"నాలుగు తగిలించవే, అదే దారికొస్తుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంచడానికి అది చెట్టు కాదు పిన్నిగారూ," అన్నాను. ఆవిడకి కోపం వచ్చి కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ మాత్రం ప్రశాంతత నాకూ కావలసే ఉంది.

మా ఆయన మాత్రం ఒకరోజు ఆ సలహా విన్నాడు. పిల్లని రెక్క పుచ్చుకుని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. గేటు దగ్గర అది హ్యాండిల్ వదలలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చిందట. విడదీశాక అక్కడే అందరి ముందూ వాంతి చేసుకుంది. తిరిగొచ్చి, టైర్లు వేలాడదీసిన మూలలో నిలబడి ఏడ్చాడు మనిషి. ఆ తర్వాత మళ్ళీ దానిమీద చెయ్యి వెయ్యలేదు.

క్లాసు టీచరు మంచి పిల్ల. అవును, నాకు పిల్లే. కళ్ళజోడు, భుజాన సంచి, ఎప్పుడూ పరుగు. మా ఇంటికి తనే వచ్చి షాపులో స్టూలు మీద కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఈ ఏడు కూడా పోతే పేరు తీసేస్తారండీ. తర్వాత చేర్చుకోవడం మా చేతుల్లో ఉండదు. తొందరపెట్టొద్దు గానీ వదిలెయ్యనూ వద్దు. మొదట గేటు దాకా రానివ్వండి. తర్వాత లైబ్రరీలో కూర్చుంటుంది. ఆ తర్వాత ఒక్క పీరియడ్. నేను రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను. వస్తోందంటే గేటు దగ్గరికి నేనే వస్తాను."

అన్నమాట నిలబెట్టుకుంది. రోజూ గంటకి ముందు ఫోను మోగేది. మా ఆయన చేతులు తుడుచుకుని లోపలికొచ్చి, పిచ్చుక ముందు గొంతుక్కూర్చుని, మొహంలోకి చూసి, "ఏమంటావు తల్లీ?" అని అడిగి, అప్పుడు జవాబు చెప్పేవాడు. కొన్నాళ్ళు లేదు, లేదు. ఒకరోజు ఊఁ. గేటు దాకా వెళ్ళింది. ఇంకోరోజు లైబ్రరీ దాకా. అక్కడ పుస్తకాలు దులిపి అరల్లో సర్దడం దానికి నచ్చింది. ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే నా పక్కన కూర్చుని అంది:

"లైబ్రరీ మేడమ్ కూర్చునే నిద్రపోతుందమ్మా. గురక కూడా పెడుతుంది. పుస్తకం అడిగితే కళ్ళు మూసుకునే, ఆ మూల చూడు అంటుంది."

ఎన్నో నెలల తర్వాత దాని నోటి నుంచి వచ్చిన అంత పొడుగు మాట అదే. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఇక పిల్ల దక్కిందనుకున్నాను. అలా అనుకోవడమే తప్పేమో, తెలీదు.

క్లాసులోకి వెళ్ళే రోజు ముందే అనుకున్నారు. పిచ్చుక ఒక్కటే కోరింది, తనని ఎవరూ చూడకూడదని. టీచరు ఒప్పుకుంది. పిల్లలందరికీ చెప్పి పెట్టింది: చప్పట్లు కొట్టొద్దు, పలకరించొద్దు, వెనక బెంచీ వైపు తిరగనే వద్దు, మామూలుగా ఉండండి. బంగారంలాంటి పిల్లలు, చెప్పినట్టే చేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మామూలుగా ఉండటమే కొంప ముంచింది.

హాజరు నంబర్లతో పిలుస్తారు. మా పిల్లది పంతొమ్మిది. అన్ని నెలలూ పంతొమ్మిది అనగానే క్లాసంతా కలిసి "రాలేదు టీచర్" అనడం అలవాటు. పద్యం అప్పజెప్పినట్టు వచ్చేస్తుంది వాళ్ళకి. ఆ రోజూ టీచరు తలవంచుకుని చకచకా పిలుచుకుంటూ పోయింది. పంతొమ్మిది అంది. క్లాసంతా "రాలేదు టీచర్" అంది. టీచరు చెయ్యి కూడా అలవాటుగా సున్నా చుట్టింది. ఇరవై అంది.

మా పిల్ల అప్పటికి సగం లేచింది. నోరు కూడా తెరిచిందట. మళ్ళీ కూర్చుంది.

ఇంకో నాలుగైదు నంబర్లయ్యాక టీచరుకి తట్టింది. అయ్యో అని తల ఎత్తింది. దాంతో క్లాసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూసింది, తాము చేసిన పనికి తామే నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. మనమైనా నవ్వేవాళ్ళమే. పీరియడ్ అవగానే పిచ్చుక సంచి తీసుకుని ఇంటికొచ్చేసింది.

సాయంత్రం టీచరు వచ్చి దాని చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. పిచ్చుకే ఆవిణ్ణి ఓదార్చింది.

"పర్లేదు టీచర్. వాళ్ళు రోజూ అనేదేగా."

ఆవిడ వెళ్ళాక మా ఆయన షాపులో పానాలన్నీ విసిరికొట్టాడు. "అంతమందిలో ఒక్కరికైనా కళ్ళు లేవా? ఎదురుగా కూర్చున్న పిల్లని లేదంటారా?" అని రాత్రి పడుకునేదాకా అదే మాట. నేను ఆపలేదు. నా కోపం కూడా ఆయనే పడుతున్నాడు కదా అని ఊరుకున్నాను.

ఆ తర్వాత పిచ్చుక గేటు దాకా కూడా వెళ్ళలేదు. టీచరు ఫోను మాత్రం ఆగలేదు. మొదట్లో మా ఆయన లోపలికొచ్చి అడిగి చెప్పేవాడు. పోనుపోను గుమ్మంలోంచే కేకేసి అడిగేవాడు. ఆ తర్వాత తల తిప్పి గదివైపు చూసేవాడు, అంతే. చివరికి అదీ పోయింది. చేతికి గ్రీజు కదా, మోచేత్తో ఫోను నొక్కి స్పీకర్లో పెట్టి, "లేదండీ" అనేవాడు. ఆవిడ "సరేనండీ, రేపు చూద్దాం" అనేది. ఈయన పంపు కొట్టుకునేవాడు. పాలవాడు వచ్చి వెళ్ళినట్టు ఆ ఫోను వచ్చి వెళ్ళేది. నేనైనా అన్నానా, లోపలికెళ్ళి ఒకసారి అడిగి రమ్మని? అనలేదు.

ఆ రోజు నాకు సెలవు. తెల్లారి లేచేసరికి పిచ్చుక అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది. యూనిఫాం వేసుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ లేపలేదు. పలకరిస్తే ఎగిరిపోతుందేమోనని నా పని నేను చేసుకున్నాను. ప్లేటు ముందు పెడితే తినేసింది. మేజోళ్ళు పైకి లాక్కుంది. బూట్లు వేసుకుని, లేసుల ముడి నచ్చక విప్పి మళ్ళీ కట్టుకుంది. సంచి తగిలించుకుని షాపులోకి వెళ్ళే గుమ్మం దగ్గర నిలబడింది, వాళ్ళ నాన్నకి చెబుదామని. నేను నీళ్ళ సీసా నింపుకుని దాని వెనకే వచ్చాను.

ఆయన మాకు వీపు పెట్టి నేలమీద కూర్చున్నాడు. పంక్చరు ఎక్కడుందో చూడటానికి ట్యూబుని నీళ్ళ బేసిన్లో ముంచి, బుడగల కోసం కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఫోను మోగింది. మోచేత్తో నొక్కాడు.

"నమస్తే అండీ, ఈరోజు పాప..."

"రాదండీ," అన్నాడు.

"సరేనండీ. రేపు చూద్దాం."

ఆ కాస్త దూరానికి నేను ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. నీళ్ళ సీసా పట్టుకుని నిలబడిపోయాను. బేసిన్లో బుడగలు లేచాయి. "దొరికావు," అని ఆయన చిల్లు మీద బొటనవేలు ఆనించి, తనలో తనే నవ్వుకున్నాడు.

పిచ్చుక గుమ్మంలోనే కూర్చుంది. రెండోసారి కట్టుకున్న లేసులు విప్పడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి ఆయన తిరిగాడు. ముందు బూట్లు చూశాడు, తర్వాత యూనిఫాం, తర్వాత దాని మొహం. చేతిలో ట్యూబు జారి నీళ్ళలో పడింది.

"పిచ్చుకా. చూళ్ళేదమ్మా. నేను ఇటు చూళ్ళేదు తల్లీ."

"పర్లేదు నాన్నా," అంది.

టీచరుతో అన్న గొంతుతోనే అంది. బూట్లు రెండూ పక్కపక్కన, లైబ్రరీలో పుస్తకాలు సర్దినంత పొందికగా బల్ల కింద పెట్టి, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. గది తలుపు గడియ పడింది.

ఆయన తడిచేతులతోనే ఫోను అందుకున్నాడు. "వస్తుందండీ, తయారై ఉందండీ, నేను చూడకుండా చెప్పాను, పొరపాటైంది," అని ఊపిరాడకుండా చెప్పాడు. అవతల ఆవిడ గొంతులో సంతోషం షాపంతా వినిపించింది. "పంపించండి, ఇదిగో గేటు దగ్గరికే వెళ్తున్నా," అంటూ నడుస్తోంది. ఆవిడ చెప్పుల చప్పుడు కూడా వినిపిస్తోంది.

మేమిద్దరం గది తలుపు ముందు నిలబడ్డాం. ఆయన తలుపు తట్టాడు. నేను తట్టాను. పిలిచాం. లోపల మంచం కిర్రుమంది, అంతకుమించి ఏమీ లేదు. బడి గంట మోగడం ఇటు గాలిలోనూ అటు ఫోనులోనూ విన్నాం.

"నేను గేటు దగ్గరే ఉన్నానండీ," అంది టీచరు. "బయల్దేరిందా?"

ఆయన నావంక చూశాడు. ఇన్నాళ్ళూ అంత తేలిగ్గా వచ్చిన ఆ ఒక్క మాటా ఆయన నోటికి రాలేదు. ఫోను నా చేతిలో పెట్టాడు. నాకూ రాలేదు.