పదో కాపీ

వ్యాన్ విసిరి వెళ్లిన పేపర్ల కట్ట పురికొసను క్రీస్తుదాసు పళ్లతో కొరికి తెంపాడు. కత్తెర కొనుక్కోమని భార్య లీదియా ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది. పురికొస కింద చందాదారుల పేర్ల చీటీ. వారం కిందట ఇరవై రెండు పేర్లుండేవి, ఇప్పుడు పది. అంతకు తగ్గితే నూజివీడు నుంచి చాట్రాయి పోయే వ్యాన్ ఈ ఊళ్లో ఆగదని ఏజెంటు ముందే చెప్పేశాడు.

అంతా నాయకుడి మాట మహిమ. చెరువు కట్ట పనిలో ఆయన మనుషులు ఎంత మింగారో ఫొటోలతో సహా ఈ పేపర్లో వచ్చింది. దాంతో ఆయన సభలో మైకు పట్టుకుని, ఆ పేపరు అమ్ముడుపోయిందని, దాన్ని గడప తొక్కనిచ్చినవాడు తన మనిషి కాదని అన్నాడు. విలేకరి రత్నబాబును పేరు పెట్టి మరీ తిట్టాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది, కట్ట తెగి తోటలు మునిగినప్పుడు రత్నబాబు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించినవాళ్లే. క్రీస్తుదాసుకు అక్కడే కడుపు మండింది.

బక్కపలచని మనిషి. కుడి మోకాలు వాచి ఉంటుంది, వేళ్ల కొసలకు సిరా వదలదు. పేపరు మడిచి మెలిపెట్టి విసిరితే, సైకిల్ ఆగకుండానే అరుగు మీద పడుతుంది. ఇన్నేళ్లలో తన ఇంట్లో మాత్రం ఒక్క పేపరూ వేసుకోలేదు. ఎవరి అరుగు దగ్గరో నిలబడి సగం సగం చదువుకునేవాడు.

ఈమధ్య కొందరు వేరే పేపరు మడతలో దాచి వెయ్యమంటున్నారు. టీచరు సుప్రజ పెరటి వైపు నుంచి ఇమ్మంది.

"నేను మోసేది నాటుసారా కాదమ్మా," అని, పేపరు పేరు పైకి కనిపించేలా ముందు గుమ్మంలోనే పెట్టాడు.

బసవపున్నారావు మామిడి షెడ్డులో ఆడవాళ్లు సర్దిన కాయల్ని మళ్లీ కిందికి దించుతున్నారు. మర్నాడు నాయకుడు తోటలు చూడ్డానికి వస్తున్నాడట. ట్రేలలో పరిచిన పాత పేపర్లలో ఈ పేపరువి ఏరి పారేయిస్తున్నాడు పున్నారావు. కాయల కింద కూడా ఉండకూడదట.

"దాసూ, రేపట్నుంచి నాకొద్దు."

"కట్ట ఫొటోలో నిలబడింది తమరేనండి. అప్పుడు చెప్పింది అబద్ధమా?"

"నిజమేనయ్యా. నిజమైతే ఏంటి, ఆయనతో మనకెందుకు?"

"నిజమేనని పదిమంది ముందు అన్నారు. అది చాలండి."

తోట దాటాక సైకిల్ ఆపి, చెమట తుడుచుకుని ఏజెంటుకు ఫోన్ చేశాడు. "ఉదయ్ కిరణ్ గారూ, పున్నారావు గారి పేరు కొట్టేసి నా పేరు రాయండి. వ్యాన్ ఆగాల్సిందే."

ఇంటికొచ్చి రేపట్నుంచి మనకీ పేపరు వస్తుందన్నాడు. ఎవరేస్తారని లీదియా నవ్వింది. అన్నం తిని, వసారాలో మంచం మీద నడుం వాల్చాడు. టీ పట్టుకొచ్చి ఆమె లేపితే లేవలేదు.

మర్నాడు పొద్దున్నే వ్యాన్ ఆగి, బస్టాపు పక్కనే ఉన్న అతని ఇంటి ముందు కట్ట విసిరింది. అతన్ని కడసారి చూడ్డానికి వచ్చినవాళ్లు చాలాసేపు దాని చుట్టూ నిలబడ్డారు. ముడి ఊడి రాకపోతే సుప్రజ పురికొసను పళ్లతోనే తెంపింది. ఎవరి కాపీ వాళ్లు తీసుకున్నారు. మిగిలిన ఒక్కటీ ఆమె క్రీస్తుదాసు సైకిల్ క్యారియర్ మీద పెట్టింది. నాయకుడి కార్లు ఆ దారినే వెళ్లాయి. ఎవరూ పేపరు దాచలేదు.

చివరగా వచ్చిన పున్నారావు అలవాటుగా, సైకిల్ మీద మిగిలిన పేపరు కోసం చెయ్యి చాపాడు. సుప్రజ చీటీ చూపించింది. పున్నారావు పేరు ఉండాల్సిన చోట క్రీస్తుదాసు పేరుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

క్యారియర్ మీద పదో కాపీ, మడత విప్పకుండా, పేరు పైకి కనిపిస్తూ అలాగే ఉంది.