గడ్డానికో మాత్ర

మా ఆయన చెయ్యి వణికి ఒకాయన చెవి కింద కత్తిగాటు పడిందని మా సెలూన్ నుంచి మరిది పరుగున వచ్చి చెప్పేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వదినా, అన్నయ్యకు మతి పోతోంది. ఇక కత్తి ముట్టుకోనివ్వను. సోమవారం నుంచి ఆ కుర్చీ దగ్గర ఇంకొకణ్ణి నిలబెడతా."

"ఓహో! నీకు గడ్డం గీయడం నేర్పిందెవరు నాయనా?"

"అన్నయ్యే. అందుకే చెప్పలేక చస్తున్నా," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిజం చెప్పొద్దూ, నాకూ తెలుసు. ముప్పై ఏళ్ళు సెలూన్‌లో నురగ పూసి, కబుర్లు చెబుతూనే నెత్తుటి చుక్క లేకుండా గడ్డాలు గీసిన మనిషి, రెండు నెలలుగా చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. నడిస్తే తూలుతున్నాడు. పొద్దున్నే తాగేశాడని వీధిలో చెవులు కొరుక్కుంటున్నారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉలిక్కిపడుతున్నాడు. మొన్న నన్నే పట్టుకుని "అమ్మా, మా ఆవిడ ఎక్కడికెళ్ళింది?" అని అడిగాడు. "మిమ్మల్ని కట్టుకున్న పాపానికి వంటింట్లో అఘోరిస్తోంది," అన్నాను. తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఎనిమిది నెలల కిందట ఆయన పేగుకు ఆపరేషన్ చేసి, పొట్ట మీద ఎడంపక్క చిన్న రంధ్రం పెట్టి సంచి తగిలించారు. మలం దాంట్లోకే వస్తుంది. మొదట్లో ఇద్దరం బెంబేలెత్తిపోయాం. తర్వాత అలవాటైంది. మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంటే ఇదిగో, ఇది.

సోమవారానికి మూడే రోజులున్నాయి. కుర్చీ పోతే ఆయన బతికి ఉండీ ఏం లాభం? ఆ మధ్యాహ్నమే, ఆపరేషన్ సంగతి తెలిసిన మా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. మరిదీ వెంట వచ్చాడు.

"ఏం మందులు వాడుతున్నారు?"

"బీపీ మాత్ర ఒక్కటేనండీ," అన్నాను నేనే.

"నాలుక చాపండి."

బొగ్గు నమిలినట్టు నల్లగా ఉంది. నేను చూడలేదా, చూశాను. "మీ నాలుక నల్లబడింది, అన్నది జరుగుతుంది, కాస్త మంచి మాటలు మాట్లాడండి," అని ఏడిపించాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"సంచిలోకీ నల్లగానే వస్తోందా?" ఆవిడ అడిగింది. ఆయన తలూపాడు. "వాసన రాకుండా ఏమన్నా మింగుతున్నారా?"

ఆయన ప్యాంటు జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. మూత తియ్యబోతే చెయ్యి ఎగిరిపడి మాత్రలన్నీ నేలపాలయ్యాయి.

"ఇవి మందు కాదండీ. వాసనకు. ఆస్పత్రిలో పక్క మంచం ఆయన చెప్పాడు."

"రోజుకెన్ని?"

"గడ్డానికొకటి."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగిపోయింది.

"గడ్డం గీసేటప్పుడు మొహంలో మొహం పెట్టాలి కదండీ. మనిషి కుర్చీలో కూర్చునే ముందు ఒకటి వేసుకుంటా. ఆదివారమైతే ఇరవై దాటుతాయి."

"ఇది బిస్మత్. లోహం," అంది ఆవిడ. "చెప్పినంత, చెప్పినన్ని రోజులు వాడితే మామూలుగా ఇబ్బంది ఉండదు. నెలల తరబడి ఇలా మింగితే ఒంట్లో చేరి మెదడు మీద పడుతుంది. వణుకు, తూలడం, ఈ మతిమరుపు, దానివల్లే అనుకుంటున్నా. రక్తం పరీక్ష చేయిద్దాం. ఈరోజు నుంచి ఒక్కటి కూడా మింగొద్దు. ఆపేస్తే చాలామంది కోలుకుంటారు. కొందరికి వారాలు, కొందరికి నెలలు."

"అయితే మతి పోలేదా?" మరిది ఆయన భుజం పట్టుకున్నాడు. "అన్నయ్యా, ఎన్నాళ్ళైనా సరే, ఆ కుర్చీ దగ్గర ఎవణ్ణీ నిలబెట్టను."

నాకు సంతోషం కన్నా ముందు కోపం ముంచుకొచ్చింది.

"వాసనొస్తోందని ఏ మహానుభావుడన్నాడండీ మిమ్మల్ని? చెప్పండి, వెళ్ళి వాడి ముక్కు కోసి వస్తాను!"

"నేననలేదు వదినా," అన్నాడు మరిది కంగారుగా.

"ఎవరూ అనలేదు," అన్నాడు ఆయన నేల చూస్తూ. "ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే నువ్వు నీ దిండు తీసి నా కాళ్ళవైపు వేసుకున్నావుగా."

నిద్రలో నా చెయ్యి కుట్లకు తగులుతుందేమోనని వేసుకున్నాను. కుట్లు ఎప్పుడో మానాయి. నేను మాత్రం రోజూ ఆ దిండు దులిపి మళ్ళీ అక్కడే వేస్తూ వచ్చాను. ఇన్ని నెలల్లో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు డాక్టరమ్మ ముందే, మరిది ముందే, ముక్కు చీదుకుంటూ చెప్పాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు.

ఇంటికి రాగానే, పట్టపగలు, దిండు తెచ్చి ఆయన తల పక్కన పడేసి పడుకున్నాను. ఆయన ఒళ్ళు ఉండుండి ఎగిరిపడుతూనే ఉంది. చెయ్యి పట్టుకున్నాను.

"వాసన వస్తోందా?" అన్నాడు గోడవైపు తిరిగి.

"వస్తోంది," అన్నాను. "వస్తే వచ్చింది. కాస్త జరగండి."