పడమటి గోడ

కాలేజీ తెరిచాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. చూడటానికి హనుమాయమ్మగారు వస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఇంజనీరు రామకోటేశ్వరరావుకు అన్నం సయించలేదు. గదుల్లోకి రాకుండా ఆమె బయటినుంచే వెళ్ళిపోతే బాగుండునని లోలోపల కోరుకున్నాడు.

బెజవాడలో ఏలూరు కాలవ పక్కన కాలేజీ కట్టిన స్థలం ఆమెదే. ఒక్కగానొక్క కొడుకు సత్యం బందరులో చదువుకుంటూ వడదెబ్బకు పోయాడు. స్థలం రాసిస్తూ ఆమె ఒక్కటే అడిగారు: "పిల్లలు చల్లగా కూచుని చదువుకోవాల, నాయనా." అలాగేనని మాటిచ్చినవాడు రామకోటేశ్వరరావే.

మాట ప్రకారమే పడమటి వైపు వెడల్పాటి వరండా గీశాడు. కాలేజీ కమిటీ అధ్యక్షుడు వెంకటప్పయ్యగారు ప్లాను చూసి పెదవి విరిచారు. "రోడ్డు పడమటేపండీ. ఆవిడ కుర్రాడి పేరు ఆ గోడ మీదే రాయిస్తన్నాం. వరండా అడ్డమొస్తే ఎవడికి కనపడుద్ది? పెళ్ళికూతురికి దుప్పటి కప్పి పీటల మీద కూచోబెడతామా?"

అందరూ నవ్వారు. రామకోటేశ్వరరావూ నవ్వాడు. ఇంటికి వెళ్ళి ప్లానులోంచి వరండా కొట్టేశాడు.

హనుమాయమ్మగారు జట్కా దిగేసరికి పొద్దు పడమటికి వాలింది. వెంకటప్పయ్యగారు గోడ మీది పెద్దపెద్ద అక్షరాలు చూపించారు. ఆమెకు చదువు రాదు.

"ఇంత పొడుగూ మావాడేనా?" అన్నారు.

తరవాత తిన్నగా లోపలికి నడిచారు. కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పడుతోంది. కుర్రాళ్ళు తడి తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని, తూర్పు గోడ వైపు జరిగి ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె పడమటి గోడకు అరచెయ్యి ఆనించి, చప్పున తీసేసుకున్నారు.

"ఇంటికి తెచ్చినప్పుడు వాడి వొళ్ళూ ఇట్టాగే ఉంది, బాబూ."

"వరండా గీశానండీ. కమిటీవారు..." అంటూ రామకోటేశ్వరరావు ఆగిపోయాడు. వెంకటప్పయ్యగారు కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. "నేనే కొట్టేశానండీ, పేరు కనపడాలని."

"పేరు నేనడగలేదే," అన్నారామె. ఇరుక్కుని కూర్చున్న కుర్రాళ్ళ వైపు చూసి మళ్ళీ అన్నారు: "పడమటేపు తాటాకు పందిరేయించండి. రేపే."

"పేరు మూసుకుపోద్దమ్మా," అన్నారు వెంకటప్పయ్యగారు.

"పోనీండి. నాకెటూ చదవటం రాదు."

సాగనంపటానికి రామకోటేశ్వరరావు వెంట వెళ్ళాడు. జట్కా ఎక్కబోతూ ఆమె వెనక్కి తిరిగి చూశారు. కోపం లేదు ఆ మొహంలో.

"ఎండలోకి రామాక, బాబూ. నీడ పట్టున నిలబడు."

అతను నీడ కోసం చూశాడు. తను కట్టించిన ఆ గోడ పొడుగునా ఎక్కడా లేదు.