ఒకే వరుస

ఉప్పాడ మత్స్యకారుల సంఘానికి 2005లో గుర్తింపు కార్డుల ప్రోగ్రాం రాసింది నేనే. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువ. నా కోడులో తప్పు దొరికితే కంప్యూటరే పొరబడిందని దబాయించేవాణ్ణి.

వివరాలు రాయించడానికి వచ్చిన వీరవేణి మామ్మను మనవడి పేరు అడిగాను. ఆమె తల దించుకుంది.

"మా ఆయన పేరే పెట్టామండి. నేను నోటితో అనకూడదు."

"బుల్లియ్య," అని సెక్రటరీ లోకనాథ్ గారు అందుకున్నారు.

తాత బుల్లియ్య తొంభయ్యారు తుపానులో వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఆమె బొట్టు తీయలేదు, సంఘం జాబితాలోంచి అతని పేరూ ఎవరూ తీయలేదు.

సోమవారం కార్డులు అచ్చయ్యాయి. ఆమె ఇంటికి రెండు వెళ్ళాయి. పాతికేళ్ళ మనవడి కార్డు మీద కూడా తాత వయసు అరవై ఏడే పడింది. మంగళవారం పొద్దున్నే లోకనాథ్ గారు మండిపడ్డారు.

"పోయినోడికి కార్డేంటండి సుధాకర్ గారూ?"

గబగబా తాతను 'మృతుడు' అని మార్చి సేవ్ చేశాను. మనవణ్ణి తెరిచి చూస్తే అక్కడా 'మృతుడు' అనే ఉంది.

అప్పుడు తెలిసింది. పేరూ డోర్ నంబరూ ఒకటే కావడంతో నా ప్రోగ్రాం ఇద్దరి కోసమూ వెతికి, డేటాసెట్‌లో, అంటే మెమరీలో ఉండే పట్టికలో, ఒకే వరుసను పట్టుకుంది. తాత, మనవడు అని నేను రాసుకున్నవి రెండు పేర్లే. మెమరీలో మనిషి ఒక్కడే. ఒక పేరుతో మృతుడని చెరిపితే రెండోదీ పోతుంది.

"ముందు ఆ కార్డులు పట్రండి," అని ఆయన నన్ను తరిమారు.

మామ్మ ఇంటి వెనక గదిని అప్పటికే సముద్రం తీసుకుపోయింది. ఆమె ఒక కార్డు కొంగున ముడేసుకుంది. రెండోది మనవడు పట్టుకుని వేటకు వెళ్ళాడట. మిషను వాళ్ళిద్దర్నీ ఒక్కరే అనుకుందని చెప్పాను. ఆమె కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఆడొచ్చేదాకా చెరపకండి బాబూ. ఇప్పుడు చెరిపితే ఎవరు పోతారో మీకు తెలుసేంటి?"

"చెరపలేదండి," అన్నాను. అంత భయపడుతూ నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు.

ఇలాంటివి నేను నమ్మను. అయినా వెళ్ళిపోలేక ఆమె పక్కనే ఇసుకలో కూలబడ్డాను. నాలుగింటికల్లా పడవలన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. నా చేత్తో నేనే ఆ కుర్రాణ్ణి చంపేశాననిపించింది.

అయిదింటికి దూరంగా పడవ కనబడింది. అందులో ఎవరున్నారో ఆనవాలు తెలియడం లేదు. మామ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి గొంతు చించుకుని అరిచింది.

"బుల్లియ్యా!"

"ఓయ్! వత్తన్నానే మామ్మా!"

ఆమె వెంటనే వెనక్కి రాలేదు. మరో గొంతు కోసం చెవి ఒగ్గి చాలాసేపు అలాగే నిలబడింది. కెరటాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడు కొంగు ముడి విప్పి, తడిసిన కార్డు నా చేతిలో పెట్టింది.

"ఇంక చెరిపేయండి బాబూ. ఆయన్నొక్కరినే."

పొద్దున్నే చెరిపేశానని ఆమెకు నేను ఎన్నడూ చెప్పలేదు.